చైతన్యరథ సారథి

నందమూరి హరికృష్ణ గురించి ఎవరు రాసినా స్టీరింగ్ దగ్గరే మొదలుపెట్టాలి. సినిమాల్లో నటించారు, మంత్రిగా చేశారు, శాసనసభలోనూ రాజ్యసభలోనూ కూర్చున్నారు. అయినా తెలుగు జనానికి ఆయన డ్రైవర్‌గానే మొదట దగ్గరయ్యారు. ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్యరథాన్ని నడిపింది ఆయనే. 2018 ఆగస్టు 29 పొద్దున నల్లగొండ జిల్లా అన్నెపర్తి దగ్గర ఆయన ప్రాణం మీదికి వచ్చినప్పుడూ స్టీరింగ్ ఆయన చేతిలోనే ఉంది.

1982 మార్చి 29న రామారావు తెలుగుదేశం పార్టీ పెట్టారు. పాత షెవర్లే వ్యాన్ ఒకదాన్ని బాగుచేయించి, పైకెక్కి నిలబడి మాట్లాడేందుకు వీలుగా మార్పించారు. అదే చైతన్యరథం. అప్పటికి హరికృష్ణకు పాతికేళ్ళు దాటాయంతే. కృష్ణా జిల్లా నిమ్మకూరులో పుట్టి పెరిగిన మనిషి, బండ్లంటే ప్రాణం. తండ్రి పైన, కొడుకు కింద. అలా తొమ్మిది నెలలపాటు శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా, ఆదిలాబాద్ నుంచి నెల్లూరు దాకా తిరిగారు. రామారావు ఆ బండిలోనే పడుకున్నారు, రోడ్డు పక్కనే స్నానం చేశారు, అక్కడే తిన్నారు. కొడుక్కి మాత్రం పడుకునే తీరిక కూడా పెద్దగా దొరికి ఉండదు.

ఆ రోజుల్లో మన రోడ్లు ఎలా ఉండేవో తెలిసినవాళ్ళకే ఆ పని విలువ తెలుస్తుంది. చాలాచోట్ల ఒంటివరుస తారు రోడ్డు, రెండు పక్కలా దిగబడిన మట్టి. ఎదురుగా ఎద్దుబండ్లు, వడ్లు ఆరబోసిన కళ్ళాలు, చీకట్లో లైటు లేని ట్రాక్టర్లు. ఊరు దగ్గరపడగానే వేలమంది జనం బండి మీద పడేవాళ్ళు. పసిపిల్లల్ని చంకనేసుకుని ఆడవాళ్ళు హారతులు పట్టుకుని బానెట్‌కి అడ్డంగా నిలబడేవాళ్ళు. కుర్రవాళ్ళు టైరు పక్కనే పరుగెత్తేవాళ్ళు. పైన నిలబడ్డ మనిషి తూలకుండా, కింద ఉన్న మనిషికి చక్రం తగలకుండా, అంగుళం అంగుళం లెక్కన ఆ బండిని ముందుకు జరపాలి. వేల కిలోమీటర్లు అలా నడిపించాడు కొడుకు. 1983 జనవరి 9న రామారావు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు.

హరికృష్ణ చేయి తిరిగిన డ్రైవర్ అని అందరూ అంటారు, నిజమే. కానీ ఆయన్ని చేయి తిరిగిన డ్రైవర్‌ని చేసింది వేగం కాదన్న సంగతి ఎవరూ అనరు. ఆ తొమ్మిది నెలలూ ఆయన నేర్చుకున్నది ఆగడం, నెమ్మదించడం, జనాన్ని చూసి నడపడం. ఆ విద్యకే జనం ఆయనకు సారథి అని పేరు పెట్టుకున్నారు.

సినిమాలో మాత్రం వరస తిరగబడి ఉండేది. 1977లో వచ్చిన ‘దానవీరశూరకర్ణ’లో రామారావు కర్ణుడు, దుర్యోధనుడు, కృష్ణుడు మూడు వేషాలూ వేశారు. హరికృష్ణది అర్జునుడి వేషం. అంటే తెర మీద తండ్రి పగ్గాలు పట్టిన సారథి, కొడుకు రథమెక్కిన వీరుడు. అయిదేళ్ళు తిరిగేసరికి కొడుకు పగ్గాలు పట్టి తండ్రిని యుద్ధానికి తీసుకెళ్ళాడు. తెలుగునాట ఏ తండ్రీకొడుకులకూ దక్కని ముచ్చట అది.

ఆ ముచ్చట పద్నాలుగేళ్ళు కూడా నిలవలేదు. 1995 ఆగస్టులో పార్టీ చీలింది. రామారావు అదే చైతన్యరథం మీద హైదరాబాద్ వైస్రాయ్ హోటల్ ముందుకొచ్చి లోపలున్న ఎమ్మెల్యేలను పిలుస్తుంటే ఆయన మీద చెప్పులు పడ్డాయి. హరికృష్ణ ఆ రోజు అవతలి పక్షంలో, బావ చంద్రబాబు వైపు ఉన్నారు. ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అన్న పాత వాదంలోకి ఇక్కడ దిగను. రథం అదే, రథి ఆయనే, సారథి మాత్రం లేడు. ఆ తర్వాత అయిదు నెలలకే, 1996 జనవరి 18న రామారావు పోయారు.

ఆ చీలికతో ముఖ్యమంత్రి అయిన చంద్రబాబు మంత్రివర్గంలో హరికృష్ణకు దక్కిన శాఖ రవాణా. లైసెన్సులు, బండ్ల ఫిట్‌నెస్, వేగానికి హద్దులు, హద్దు దాటినవాడి మీద జరిమానా, ఇవన్నీ చూసే శాఖ. రోడ్డు మీద పుట్టిన పేరు గనుక ఆ శాఖ ఆయనకు నప్పుతుందనే జనం కూడా అనుకున్నారు. తండ్రి పోయాక ఖాళీ అయిన హిందూపురం నుంచి గెలిచి శాసనసభకు వెళ్ళారు కూడా. కానీ పదవి ఎంతోకాలం నిలవలేదు. బావతో చెడింది. 1999లో అన్న తెలుగుదేశం పేరుతో సొంత పార్టీ పెట్టి గుడివాడలో నిలబడి ఓడిపోయారు. తండ్రి సొంత జిల్లా, తండ్రి గెలిచిన నియోజకవర్గం, అయినా జనం ఓటేయలేదు. చైతన్యరథం వెంట పరుగెత్తిన ఊళ్ళే ఆయనకు ఆ తీర్పు ఇచ్చాయి.

అప్పుడు సినిమా ఆదుకుంది. ‘లాహిరి లాహిరి లాహిరిలో’, ‘సీతయ్య’ వరసగా ఆయన్ని మళ్ళీ జనంలోకి తెచ్చాయి. నలభై అయిదు దాటాక హీరోగా నిలబడడం చిన్న సంగతి కాదు. తర్వాత మళ్ళీ తెలుగుదేశంలోకి వచ్చి 2008లో రాజ్యసభకు వెళ్ళారు. 2013 ఆగస్టులో రాష్ట్ర విభజనకు నిరసనగా ఆ సభ్యత్వం వదిలేశారు. కోపం వస్తే ఆగని మనిషి, మనసులో ఏదీ దాచుకోని మనిషి. పదవుల కోసం తలవంచని గుణం ఆయనలో తండ్రి నుంచి వచ్చిందే. అందుకే ఎన్నిసార్లు పడినా అభిమానులు ఆయన్ని వదల్లేదు.

ఆ కుటుంబానికి నల్లగొండ జిల్లా రోడ్లతో ఏదో బాకీ ఉన్నట్టు జనం ఇప్పటికీ మాట్లాడుకుంటారు. 2009 మార్చి 26న ఎన్నికల ప్రచారం ముగించుకుని వస్తున్న హరికృష్ణ కొడుకు జూనియర్ ఎన్టీఆర్ కారు ఆ జిల్లాలోని మోతె దగ్గర ప్రమాదంలో పడింది. దెబ్బలతో బయటపడ్డారు. 2014 డిసెంబర్ 6న హరికృష్ణ పెద్దకొడుకు జానకిరామ్ హైదరాబాద్ - విజయవాడ హైవే మీద మునగాల మండలం ఆకుపాముల దగ్గర, రాంగ్ రూట్‌లో వచ్చిన ట్రాక్టర్‌ని ఢీకొని చనిపోయారు. మోతె, మునగాల రెండూ అప్పట్లో నల్లగొండ జిల్లాలోవే. తండ్రి కళ్ళముందే కొడుకు చితి లేచింది. అప్పటినుంచి తమ్ముళ్ళు కళ్యాణ్‌రామ్, ఎన్టీఆర్ సినిమాల మొదట్లో జాగ్రత్తగా డ్రైవ్ చేయమని ప్రేక్షకుల్ని వేడుకుంటూ ఒక విన్నపం తెరమీద పడుతోంది. అన్న ఫోటో ముందు నిలబడి తమ్ముళ్ళు చెప్పిన మాట అది.

నేను జాతకాలు, వాహనాల నంబర్లు, జిల్లా శాపాలు నమ్మను. అలాంటి మాటలు తప్పుని రోడ్డు మీదనుంచి ఆకాశంలోకి తోసేస్తాయి. ఆకుపాముల దగ్గర రాంగ్ రూట్ ట్రాక్టర్ ఒక కారణం. అన్నెపర్తి దగ్గర కారణాలు వేరే ఉన్నాయి, వాటికి పేర్లున్నాయి.

2018 ఆగస్టు 29. నెల్లూరు జిల్లా కావలిలో అభిమాని ఇంట్లో పెళ్ళి. పిలిస్తే వెళ్ళడం హరికృష్ణకు అలవాటు, ఎంత దూరమైనా సరే. నాలుగు రోజుల్లో, సెప్టెంబర్ 2న, అరవై రెండో పుట్టినరోజు. కేరళలో వరదలొచ్చి జనం నానా అవస్థలు పడుతున్నారు, నా పుట్టినరోజు వేడుకలు చేయొద్దు, ఆ డబ్బు వాళ్ళకి పంపండి అని అభిమానులకు లేఖ రాసిపెట్టుకున్నారనీ, ఆ కాగితం ఆ రోజు కారులోనే దొరికిందనీ పత్రికల్లో వచ్చింది. తెల్లవారకముందే హైదరాబాద్‌లో బయల్దేరారు. ఫార్చ్యూనర్ కారు. డ్రైవర్‌ని పెట్టుకోగల మనిషే, అయినా తానే నడిపారు. వెంట ఇద్దరు మిత్రులు. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ హైవే వదిలి అద్దంకి రోడ్డు ఎక్కారు. మధ్యలో డివైడర్, నాలుగు వరుసలు, పొద్దున్నే ఖాళీ రోడ్డు.

ఆరు గంటల ప్రాంతంలో, అన్నెపర్తి దగ్గర, నీళ్ళ సీసా కోసం ఒంగారని కారులో ఉన్నవాళ్ళు చెప్పారు. ఆ ఒంగిన క్షణంలో బండి అదుపు తప్పింది. డివైడర్‌ని కొట్టి ఎగిరి అవతలి రోడ్డు మీద పడింది. ఎదురుగా వస్తున్న ఒక కారుని తాకింది. హరికృష్ణ బండిలోంచి బయటికి విసిరేసినట్టు పడ్డారు. సీటు బెల్టు పెట్టుకోలేదు. నార్కట్‌పల్లిలోని ఆసుపత్రికి తీసుకెళ్ళారు గానీ ప్రాణం దక్కలేదు. వెంట ఉన్న ఇద్దరూ దెబ్బలతో బతికారు.

కారు గంటకు 140 కిలోమీటర్లు దాటి వెళుతోందని ఆనాటి వార్తల్లో వచ్చింది. ఆ అంకెను కాసేపు పట్టుకుని చూడాలి. 140 అంటే సెకనుకు దాదాపు 39 మీటర్లు. సీసా కోసం కళ్ళు రోడ్డు మీదనుంచి తీసి, చేయి చాచి, మళ్ళీ తల ఎత్తడానికి రెండు సెకన్లు అనుకుందాం. ఆ రెండు సెకన్లలో బండి 78 మీటర్లు పోయింది, చూపు లేకుండా. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్న కారు 100 వేగంలో ఉంటే, ప్రమాదం కనబడ్డాక పూర్తిగా ఆగడానికి దాదాపు 80 మీటర్లు పడుతుంది. 140లో అది 140 మీటర్లు దాటుతుంది. గుద్దుకున్నప్పుడు ఒంటి మీద పడే దెబ్బ కూడా వేగంతోపాటు సమానంగా పెరగదు. వేగం వందనుంచి నూటనలభైకి పోతే దెబ్బలో ఉండే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. నలభై పెంచామనుకుంటాం, రెండింతలు కొనితెచ్చుకుంటాం. ముప్ఫై ఆరేళ్ళ అనుభవమైనా, చైతన్యరథం నడిపిన చేతులైనా ఈ లెక్కని ఒక్క మీటరు కూడా తగ్గించలేవు.

నా బాధంతా ఇక్కడే. మన ఇళ్ళలో బాగా నడిపేవాడికి వేగం ఒక హక్కులాగా ఇచ్చేస్తాం. “ఆయన చేతిలో బండి పడితే గంటలో విజయవాడ” అని మురిసిపోతూ చెప్పుకుంటాం. అలా నడిపేవాడు ఇంటి పెద్దయితే పక్కసీట్లో కూర్చున్నవాడి నోరు పెగలదు. హరికృష్ణగారి పక్కన కూర్చుని “అన్నా, కొంచెం నెమ్మదిగా” అనగలిగినవాళ్ళు ఎంతమంది ఉంటారు? రథం నడిపినాయనకి డ్రైవింగ్ చెప్పడమా అని ఎవరైనా జంకుతారు. సీటు బెల్టు పెట్టుకోమనడం కూడా అంతే. ఆయనకు ఆ మాట చెప్పగల అధికారం ఒక్క చట్టానికే ఉంది, ఆ చట్టాన్ని అమలుచేసే శాఖకి ఒకప్పుడు ఆయనే మంత్రి.

చట్టం ఆ రోజుల్లో ఏం చెప్పేదో చూస్తే ఇంకా దిగులేస్తుంది. ఆ ప్రమాదానికి నాలుగున్నర నెలల ముందే, 2018 ఏప్రిల్‌లో, కేంద్రం వేగపరిమితులు సవరించింది. డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్ల మీద కార్లకు గరిష్ఠంగా 100. అది దాటితే మోటారు వాహనాల చట్టం 183వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా 400 రూపాయల దాకా. సీటు బెల్టు లేకపోతే 100. కావలి పెళ్ళిలో చదివించే కట్నం అంతకన్నా ఎక్కువే ఉంటుంది. మరుసటి ఏడాది, 2019 సెప్టెంబర్ 1 నుంచి కొత్త సవరణ వచ్చింది. కారుకి అతివేగం జరిమానా 1000 నుంచి 2000, బెల్టు లేకపోతే 1000, ప్రమాదకరంగా నడిపితే 184వ సెక్షన్ కింద ఇంకా ఎక్కువ జైలు. లైసెన్స్ స్వాధీనం చేసుకునే అధికారం కూడా ఇచ్చారు. అన్ని రాష్ట్రాలూ దాన్ని ఒక్కసారిగా అమలుచేయలేదన్నది వేరే కథ.

అతివేగంతో ఎదుటివాళ్ళ ప్రాణం తీస్తే పాత శిక్షాస్మృతిలో 304ఏ కింద రెండేళ్ళ దాకా జైలు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ కింద అది అయిదేళ్ళ దాకా పెరిగింది. ఎవరైనా చనిపోయే అవకాశం ఉందని తెలిసీ నడిపాడని కోర్టు నమ్మితే శిక్ష ఇంకా పెద్దది. కానీ ఈ సెక్షన్లన్నీ బతికి ఉన్నవాడి కోసం రాసినవి. నడిపినవాడే చనిపోతే అతని మీద క్రిమినల్ కేసు అక్కడితో ఆగిపోతుంది. హరికృష్ణను ఏ కోర్టూ ఏమీ అడగలేదు, అడగజాలదు కూడా. ఆగస్టు 30న జూబ్లీహిల్స్ మహాప్రస్థానంలో తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఒకప్పుడు విడిపోయిన బావ చంద్రబాబు పాడె మోశారు. కొడుకులిద్దరూ నాలుగేళ్ళలో రెండోసారి ఆ పని చేశారు.

ఆ ఒక్క ఇంటిదే ఈ దుఃఖం అయితే ఇంత రాయక్కర్లేదు. 2010లో కోట శ్రీనివాసరావు కొడుకు, 2011లో అజారుద్దీన్ కొడుకు, అదే ఏడాది డిసెంబర్‌లో కోమటిరెడ్డి వెంకటరెడ్డి కొడుకు, ముగ్గురూ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదే పోయారు. 2017లో మంత్రి నారాయణ కొడుకు కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌కి తగిలింది. పేరున్న ఇళ్ళు కనుక మనకి గుర్తున్నాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో నూటికి 71 మంది చావు అతివేగం ఖాతాలో రాసి ఉంది. సీటు బెల్టు లేక పోయినవాళ్ళు 16,715 మంది.

వాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళు నందమూరి వారి ఇల్లులాంటివి కావు. ట్యాక్సీ నడిపి పిల్లల్ని చదివించేవాడు, ఫైనాన్స్‌లో బండి కొన్న కాంట్రాక్టర్. 2025 జూలైలో సుప్రీంకోర్టు ముందుకు కర్ణాటక నుంచి అలాంటి కేసే వచ్చింది. 2014లో ఒక కాంట్రాక్టర్ కుటుంబంతో వెళుతూ కారు పల్టీ కొట్టి చనిపోయాడు. భార్య, కొడుకు, తల్లిదండ్రులు బీమా కంపెనీ నుంచి 80 లక్షలు అడిగారు. అతివేగంగా, నిర్లక్ష్యంగా నడిపింది అతనే, తన తప్పుకి తనే బాధ్యుడు, వారసులకు పరిహారం రాదు అని హైకోర్టు అంది. సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. సొంతదారుడి పేరు మీద విడిగా తీసుకునే ప్రమాద బీమా ఉంటే అది వేరే సంగతి. థర్డ్ పార్టీ బీమా మాత్రం పేరులోనే ఉంది, అవతలివాడి కోసం. వేగంగా నడిపి పోయినవాడు తన ఇంటికి ఏదీ మిగల్చలేదని చట్టం తేల్చేసింది. పిల్లల్ని, అప్పుల వాయిదాల్ని వెనక వదిలి వెళ్ళే ప్రతి డ్రైవర్ సీటు బెల్టు పెట్టుకునే ముందు ఈ తీర్పు వినాలి.

జూనియర్ ఎన్టీఆర్ సినిమా వేడుకల్లో మాట్లాడడం అయిపోయాక అభిమానులతో జాగ్రత్తగా ఇళ్ళకు వెళ్ళమని చెప్పకుండా మైకు వదలరు. మీకోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్ళున్నారని గుర్తుచేస్తారు. కొందరు ఈలలు వేస్తారు, కొందరు వింటారు. అన్ననీ నాన్ననీ రోడ్డుకే ఇచ్చుకున్నవాడు అంతకన్నా ఏం చెప్పగలడు? ఆ మాట విని పార్కింగ్‌లోకి వెళ్ళి ముగ్గురు ఎక్కిన బైకుని సైలెన్సర్ తీసేసి పరుగెత్తించే కుర్రవాళ్ళని చూస్తే నాకు కోపం కన్నా భయం ఎక్కువ వేస్తుంది.

ఇంకొక మాట చెప్పాలి. ఆ రోజు పత్రికల్లో, టీవీల్లో అన్నెపర్తి గురించి వచ్చిందంతా ఒక కారు గురించే. డివైడర్ అవతల ఎదురొచ్చిన కారులోనూ మనుషులున్నారు. వాళ్ళు తమ వైపు రోడ్డు మీద తమ దారిన వెళుతున్నారు. అలా ఎదురుపడి దెబ్బతిన్నవాళ్ళకు మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో 166వ సెక్షన్ కింద పరిహారం అడిగే హక్కుంది, ఢీకొట్టిన బండి బీమా కంపెనీయే కట్టాలి. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు పెట్టుకోవాలని ఇప్పటి చట్టం. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితాలు, రాబడి ఆధారం చేతపట్టుకుని జిల్లా కోర్టు మెట్లెక్కే అలాంటి మనుషులు మన ప్రతి జిల్లాలో ఉన్నారు. ఎదుటి బండి ఎంత వేగంతో వచ్చిందో చెప్పమని వాళ్ళనే అడుగుతారు. వాళ్ళు దాన్ని చూసింది ఒక్క క్షణం.